గట్టిగా కాదు, ఎదురుగా

మంచిర్యాల జిల్లా రామకృష్ణాపూర్‌లో రిటైరైన బొగ్గు బాయి కార్మికుణ్ని పలకరించబోయిన కాలేజీ పిల్లలు ముందుగా చేసే పని గొంతు పెంచడం. తాత పలకడు. ఇంకా పెంచుతారు. చివరికి ఆయనకు తప్ప వాడంతటికీ వినిపిస్తుంది.

వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేవి సన్నని ధ్వనులు. అచ్చులు చెవిన పడతాయి, హల్లులు జారిపోతాయి. పాలు, కాలు, చాలు ఒక్కటిగానే తోచవచ్చు. అరిస్తే పెరిగేది ఎక్కువగా అచ్చుల మోతే. 60 ఏళ్లు దాటినవారిలో 65 శాతానికి పైగా ఎంతో కొంత వినికిడి తగ్గినవారేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. డ్రిల్లుల మోతలో, పేలుళ్ల మధ్య ఉద్యోగమంతా గడిపిన చెవుల సంగతి వేరే చెప్పాలా? 85 డెసిబెల్స్ దాటితే జాగ్రత్తపడాలని గనుల భద్రతా విభాగం 1975లోనే సూచించింది.

చేయాల్సింది చిన్న పనే. టీవీ కట్టెయ్యాలి. ఎదురుగా, వెలుతురు తమ మొహం మీద పడేలా కూర్చోవాలి. కొంత మాట పెదవుల్లోనే దొరుకుతుంది. అరవకుండా నిదానంగా అడిగి, ఆగాలి. ఈ ఆగడమే కుర్రకారుకు కొరుకుడు పడదు. దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు మాట మధ్యలో ఆయాసపడతాయి. ఆగిన మాటను మనం పూరించకూడదు.

ఇంకో తప్పు ప్రేమతో చేసేది. ‘బంగారం, బువ్వ తిందామా?’ అని పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడటం. అమెరికాలో క్రిస్టీన్ విలియమ్స్ బృందం మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధులను గమనించి 2009లో ఫలితాలు ప్రచురించింది. సిబ్బంది ఇలా ముద్దుగా మాట్లాడినప్పుడు ఆ వృద్ధులు స్నానానికో, బట్టలు మార్చడానికో మొరాయించడం ఎక్కువైంది. తట్టా చెమ్మస్‌తో (పారతో) బొగ్గు టబ్బులు నింపిన మనిషికి బువ్వ మాటలు రుచించకపోతే తప్పెవరిది?

‘బాగున్నవా తాతా?’ అంటే ‘ఆఁ’ అని ఊరుకుంటాడు. ‘ఏ బాయిల చేసినవ్? పైకప్పు ఎట్ల చూసేటోళ్లు?’ అని అడిగితే కథ మొదలవుతుంది. కడ్డీతో కప్పును కొట్టి చూడటం, గట్టి రాయైతే ఖంగుమనడం, పొర వదిలితే డొల్లగా పలకడం, కప్పు కుంగే ముందు కర్ర దిమ్మెలు చిటపటమనడం. ఒకప్పుడు ఆ చెవులే ప్రాణం నిలిపాయి. గతాన్ని నెమరేసుకోవడం చాదస్తం కాదని, జీవితాన్ని తిరిగి బేరీజు వేసుకునే సహజమైన పని అని మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లోనే వాదించారు. మన పిల్లలకు ఆ వ్యాసం అక్కర్లేదు, సరైన ప్రశ్న ఒకటి చాలు.

తాతలతోనే సరిపెట్టుకోవద్దు. మూడు షిఫ్టుల లెక్కన ఇంటి నిద్రనూ పొయ్యినీ నడిపిన అవ్వలను అడిగేవాళ్లు తక్కువ. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషి పగలు పడుకోవాలంటే పిల్లల్ని ఎలా కట్టడి చేశారో వాళ్లే చెప్పాలి.

జాతీయ సేవా పథకంలో చేరిన డిగ్రీ విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. అందులో బోలెడు కాలేజీ ఆవరణ ఊడ్చడానికే పోతుంది. మంచిర్యాల జిల్లా కళాశాలల ప్రోగ్రాం ఆఫీసర్లకు ఒక మనవి: ఆ గంటల్లో కొన్నింటిని సింగరేణి క్వార్టర్ల అరుగుల మీదికి, వృద్ధాశ్రమాలకు మళ్లించండి. ఊరికే పంపకండి, ఎదురుగా కూర్చోవడం నేర్పి పంపండి.