బొమ్మ ముందు, మాట వెనక

నాలుగేళ్ల పిల్లకి అక్షరాలు రావు గానీ బొమ్మ చదవడం బాగా వచ్చు. పేజీ తిప్పగానే ఆ కళ్లు ఎక్కడికి పోతాయో గమనించండి. మనం నోవహును చూపిస్తుంటే తను ఓడ మూలన నక్కిన ఎలుక దగ్గర ఆగిపోతుంది. పెద్దవాళ్లు చాలామంది అక్కడే తొందరపడి ‘అటు కాదమ్మా, ఇటు చూడు’ అంటారు. బైబిలు కథలు బొమ్మలతో చెప్పే విద్యలో మొదటి మెట్టు ఈ తొందర మానుకోవడం. కాస్త ఆగితే చాలు, ఎలుక దగ్గర మొదలైన చూపు దానంతటదే నోవహు దాకా వస్తుంది. ఈలోగా పిల్ల అడిగే ప్రశ్నల్లోనే మనం చెప్పాల్సిన కథకు దారి దొరుకుతుంది.

ఈ పద్ధతికి వయసు తక్కువేమీ కాదు. క్రీ.శ. 600 ప్రాంతంలో మార్సెయ్ బిషప్పు సెరెనుస్ చర్చిల్లోని చిత్రాలను ధ్వంసం చేయిస్తే, పోపు గ్రెగరీ ఉత్తరం రాసి మందలించాడు. చదువురానివాళ్లు పుస్తకంలో తెలుసుకోలేనిది గోడ మీద చూసి తెలుసుకుంటారన్నది ఆయన వాదన. 1529లో మార్టిన్ లూథర్ తన ప్రార్థనల పుస్తకంలో బైబిలు ఘట్టాల చెక్క అచ్చుల బొమ్మలు చేర్చాడు. పిల్లలకూ సామాన్యులకూ బొమ్మల వల్లే కథలు బాగా గుర్తుంటాయని ముందుమాటలో ఆయనే చెప్పాడు. మన దగ్గర మెదక్ చర్చికి వెళ్లినవాళ్లు ఇదే సంగతి రంగు అద్దాల్లో చూస్తారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం అక్కడి మూడు పెద్ద కిటికీల్లో ఉన్నాయి. పిల్లల్ని పగటిపూట తీసుకెళ్లాలి, వెలుగు బయటినుంచి పడితేనే లోపల బొమ్మ కనిపిస్తుంది.

అంత అద్దం అందరికీ దొరకదు కనుక సండే స్కూల్ అక్కలూ అన్నలూ తమకు చాతనైన సాధనాలు చేసుకున్నారు. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫ్లానెల్ బోర్డు. చెక్కకో అట్టకో నూగున్న ఫ్లానెల్ గుడ్డ బిగించి, కత్తిరించిన బొమ్మల వెనక అదే గుడ్డ ముక్కలు అంటిస్తారు. నూగుకు నూగు పట్టుకుని బొమ్మ నిలబడుతుంది. బోర్డును కొద్దిగా వెనక్కి వాల్చి పెట్టాలి, నిట్టనిలువుగా పెడితే బొమ్మలు జారతాయి. దీని బలమంతా కదలికలో ఉంది. జక్కయ్య కథ చెప్పేటప్పుడు బోర్డు మీద ముందు చెట్టొక్కటే ఉంటుంది. తర్వాత జనం వస్తారు. వాళ్ల వెనక పొట్టి జక్కయ్య వస్తాడు, ఏమీ కనపడక అటూ ఇటూ తిరుగుతాడు. అతన్ని చెట్టు మీదికి ఎక్కించే పని ఒక పిల్లాడి చేతికివ్వాలి. యేసు చెట్టు కిందికి వచ్చి ఆగాక, అక్క కూడా ఒక్క క్షణం మాట ఆపాలి. ‘దిగు జక్కయ్యా!’ అని పిల్లలే అరుస్తారు. అచ్చయిన పేజీలో అన్నీ ఒకేసారి కళ్ల ముందు పడిపోతాయి. ఇక్కడ మాత్రం కథ పిల్లల ముందే పుడుతుంది.

సెలవుల్లో జరిగే వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) తరగతుల్లో ఫ్లాష్ కార్డులు ఎక్కువ. కార్డు ఛాతీ ఎత్తులో పట్టుకోవాలి, వేళ్లు బొమ్మను కప్పకూడదు, చాప మీద అర్ధచంద్రాకారంలో కూర్చున్నవాళ్లకు ఒక అంచు నుంచి మరో అంచుకు నెమ్మదిగా తిప్పాలి. కార్డు వెనక కథ అచ్చై ఉంటుంది, చిక్కంతా దానితోనే. టీచరు అది చూసి చదవడం మొదలుపెట్టగానే పిల్లల కళ్లతో లంకె తెగిపోతుంది. కథను ముందు రాత్రే సొంత మాటల్లో తయారుచేసుకుని వచ్చిన టీచరుకు ఆ వెనక పక్క అవసరమే ఉండదు.

ఇక బొమ్మల ఎంపిక. ఇది అన్నిటికన్నా బరువైన పని. చిన్నప్పుడు చూసిన బొమ్మ పెద్దయ్యాక చదివే వాక్యాన్ని కూడా పక్కకు నెట్టేస్తుంది. ఏదెను తోటలోది ఆపిల్ పండని ఆదికాండంలో ఎక్కడా లేదు. తూర్పు జ్ఞానులు ముగ్గురని మత్తయి రాయలేదు, మూడు కానుకలని మాత్రమే రాశాడు. వాళ్లు శిశువును చూసింది ఇంట్లో. కానీ క్రిస్మస్ కార్డుల్లో ముగ్గురు రాజులు కిరీటాలతో పశువుల పాక ముందు మోకరిస్తారు. యోనాను మింగింది పెద్ద చేప, బొమ్మల్లో అది ఎప్పుడూ తిమింగలమే. దావీదు చేతిలో వడిసెల ఉండాలి. అది తాళ్ల మధ్య రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరేది, జొన్నచేల మంచెల మీద మన రైతులు పిట్టల్ని తోలిందీ దానితోనే. కొన్ని పుస్తకాల్లో మాత్రం దావీదు రబ్బరు పంగలకర్రతో నిలబడి ఉంటాడు! వడిసెల సరిగ్గా వేసిన బొమ్మ ఉంటే తాతయ్యలు కూడా కథలో భాగస్తులవుతారు, దాన్ని ఎలా తిప్పేవారో చేసి చూపిస్తారు. జక్కయ్య చెట్టు సంగతీ అంతే. యెరికో ప్రాంతపు ఆ అత్తిజాతి చెట్టు మన మేడికి దగ్గరి చుట్టం. రెండింటికీ కాయలు మానుకే గుత్తులుగా అంటుకుని కాస్తాయి. మన చిత్రకారుడు ఊరి మేడిచెట్టును చూసి గీస్తే, విదేశీ పుస్తకాల్లోని ఊహాచెట్టు కన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది.

యేసు ముఖం గురించీ చెప్పాలి. మన ఇళ్లలో క్యాలెండర్ల మీద కనిపించే తెల్లని మేను, గోధుమరంగు జుట్టు యూరప్, అమెరికా చిత్రకారుల ఊహ. లోకమంతా తిరిగిన వార్నర్ సాల్‌మన్ చిత్రం 1940లో అమెరికాలో వేసినది. పశ్చిమాసియా యూదు కుటుంబంలో పుట్టిన మనిషి అలా ఉండే అవకాశం తక్కువ. గోవాకు చెందిన చిత్రకారుడు ఏంజెలో డ ఫొన్సెకా మరియకు చీర కట్టాడు. జామినీ రాయ్ తన బెంగాలీ రేఖల్లో, పెద్ద పెద్ద కళ్లతో క్రీస్తును గీశాడు. ఇలాంటివి రెండు మూడు పక్కపక్కన పెట్టి చూపిస్తే, ఏ ఒక్క బొమ్మా ఫోటో కాదని పిల్లలకు ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది.

చిన్నపిల్లలకు ఎలాంటి గీత సరిపడుతుందో చూడాలంటే డచ్ చిత్రకారుడు కేస్ ద కోర్ట్ పుస్తకాలు చూడాలి. 1960 దశకంలో నెదర్లాండ్స్ బైబిల్ సొసైటీ కోసం ఆయన ఈ పని మొదలుపెట్టాడు. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లలను దృష్టిలో పెట్టుకుని వేసిన బొమ్మలవి. గుండ్రటి కళ్లు, ముదురు రంగులు, వెనక దాదాపు ఖాళీ. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు భయపడుతున్నారో ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. తర్వాత ఆ పుస్తకాలు అందరి పిల్లలవీ అయ్యాయి.

కష్టమైన కథల్ని దాచనక్కర్లేదు. జలప్రళయం బొమ్మ చూసి ‘బయటున్నవాళ్లు ఏమయ్యారు?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. చనిపోయారని మెల్లగా, ఉన్నదున్నట్టు చెప్పాలి. అల్లరి చేస్తే నీకూ అదే గతి అని బెదిరించడం మాత్రం క్షమించరానిది. సిలువ కథ చెప్పిన రోజే ఖాళీ సమాధి బొమ్మ కూడా చూపించాలి. శుక్రవారం దగ్గర కథ ఆపి ఐదేళ్లవాళ్లను ఇంటికి పంపకూడదు.

కథ చివర ‘కాబట్టి పిల్లలూ...’ అని నీతి తగిలించడం మనకు అలవాటు. తప్పిపోయిన కుమారుడి కథలో ముసలి తండ్రి పరుగెత్తుకొస్తున్న బొమ్మ చూపించి, ‘నాన్న ఎందుకు పరుగెడుతున్నాడు?’ అని అడిగి ఊరుకోండి. వాళ్లు చెప్పే జవాబు మన నీతికంటే లోతుగా ఉంటుంది. ఆ తర్వాత బొమ్మలు వాళ్ల చేతికే ఇచ్చి కథ తిరిగి చెప్పమనండి. ఏది అర్థమైందో, ఏది కాలేదో అప్పుడు తెలుస్తుంది.

సండే స్కూల్ బహుమతులుగా మన సంఘాలు ఏటా స్టీలు గిన్నెలూ టిఫిన్ బాక్సులూ పంచుతున్నాయి. ఈసారి ఆ డబ్బులో కొంత మన ప్రాంతపు చిత్రకారుడికివ్వండి. జక్కయ్య కథ ఒక్కటి, పది పేజీల్లో, మేడిచెట్టుతో సహా వేయించి ప్రతి పిల్ల చేతిలో పెట్టండి.