అచ్చుగుద్దినట్టుండే పురుగులు

ఈ వారం ఒక కంది రైతు పంపిన ఫోటోకు ఫోన్‌లోని యాప్ క్షణంలో పేరు పెట్టేసింది: హెలికోవర్పా ఆర్మిజెరా, అంటే మన శనగపచ్చ పురుగు రెక్కల దశ. పొలుసులు రాలిన రెక్కలు, మసక వెలుతురు. వాటిని చూసి అంత ధీమాగా ఎలా చెబుతారని ఈ కాలమిస్టుకు చిర్రెత్తుకొచ్చింది. పురుగును చేతిలోకి తీసుకుని చూడనిదే పేరు పెట్టకూడదన్న పట్టుదల పాత పాఠకులకు కొత్త కాదు.

ఆ పట్టుదలకు బ్రెజిల్ సాక్ష్యం. ఆర్మిజెరాకు అచ్చుగుద్దినట్టుండే హెలికోవర్పా జియా అక్కడ మొక్కజొన్న మీద ఎప్పటినుంచో ఉంది. కొత్తగా వచ్చిన ఆర్మిజెరా సోయా, పత్తి పొలాల్లో తిరుగుతున్నా జియాగానే చలామణీ అయింది. దాని ఉనికి 2013లో బయటపడింది. దాచిన నమూనాలు తిరగేస్తే 2008 నాటికే ఉందని తేలింది. ఈ రెంటినీ రెక్కలు చూసి విడదీయలేం. మగ పురుగు పొట్ట చివరి భాగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక సూక్ష్మదర్శిని కింద సూదులతో విప్పి, జననాంగంలోని ముళ్లు లెక్కపెట్టాలి. ఎంత ఓపిక కావాలి! 1965లో హీలియోథిస్ నుంచి హెలికోవర్పాను వేరే ప్రజాతిగా విడదీసిన డేవిడ్ హార్డ్‌విక్ ఆధారపడిందీ ఇలాంటి పరిశీలన మీదే. తీరా ఇప్పుడు బ్రెజిల్‌లో ఆ రెండు జాతులూ సంకరమవుతున్నాయి. పురుగుమందును తట్టుకునే జన్యువొకటి ఆర్మిజెరా నుంచి జియాకు చేరింది.

ఇంతకీ ఆ రైతు ఫోటో సంగతి? మన దేశంలో జియా లేదు. ఆర్మిజెరాతో పొరబడే అవకాశమున్న దగ్గరి చుట్టం హెలికోవర్పా అసల్టా. అది బతికేది ప్రధానంగా పొగాకు, మిరప కుటుంబపు మొక్కల మీద. కంది దాని తిండి కాదు. రెక్కల పురుగు ఎక్కడినుంచైనా ఎగిరొచ్చి వాలవచ్చు కాబట్టి, కాయలో లద్దె పురుగు ఉందా అని రైతును అడగాలి. ఉందన్నాడు, కాయకు గుండ్రటి రంధ్రం చేసి, తల లోపల పెట్టి, ఒళ్లు బయట ఉంచి తింటోందట. యాప్ చెప్పిన పేరును ఒప్పుకోడానికి ఈ కాలమిస్టుకు అది చాలు. పురుగును చేతిలోకి తీసుకోనక్కర్లేకపోయింది.

మిరప తోటలో ఈ లెక్క చెల్లదు, అక్కడ రెండూ తింటాయి. ఆడ పురుగులు వదిలే వాసనలో మాత్రం తేడా ఉంది. ముఖ్యమైన రెండు రసాయనాలూ రెంటిలోనూ అవే అయినా ఆర్మిజెరాలో ఎక్కువ పాళ్లున్నది అసల్టాలో తక్కువ, తక్కువున్నది ఎక్కువ. మిరప రైతు లింగాకర్షక బుట్టలు రెండు పెట్టాలి, ఒక్కో జాతికి ఒక్కో ఎరతో.