పాత కామిక్స్‌కు కొత్త అచ్చు: బొమ్మ పక్కన ఒక మాట

పాత వైజ్ఞానిక కల్పనా చిత్రకథలను తిరిగి అచ్చువేయడం మనకు కొత్త కాదు. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో ప్రారంభించిన ఇంద్రజాల్ కామిక్స్ 1990 వరకు ప్రధానంగా చేసిన పని ఇదే. అమెరికా పత్రికల్లో ధారావాహికలుగా వచ్చిన ఫాంటమ్, మాండ్రేక్, ఫ్లాష్ గార్డన్ కథలను కుదించి పుస్తకాలుగా అందించింది. ఫాంటమ్ ఉండే ‘బెంగల్లా’ను మన పాఠకుల కోసం ‘డెంకాలి’గా మార్చింది. అయితే పేరు మారిస్తే సరిపోతుందా? ఆ కథల్లోని విజ్ఞానం మాటేమిటి?

ఫ్లాష్ గార్డన్‌నే చూద్దాం. అలెక్స్ రేమండ్ ఈ కథను 1934 జనవరి 7న మొదలుపెట్టాడు. మోంగో అనే గ్రహం భూమి మీదికి దూసుకొస్తుంది. డాక్టర్ జార్కోవ్ అనే శాస్త్రజ్ఞుడు సొంతంగా రాకెట్ కట్టుకుని దానికి ఎదురెళతాడు. బొమ్మలు నేటికీ అబ్బురపరుస్తాయి. కానీ గ్రహం ఢీకొనక ముందే ఏం జరుగుతుంది? ఆటుపోట్లను కలిగించే బలం గ్రహం ద్రవ్యరాశిని బట్టి పెరుగుతుంది; దూరం సగమైతే 8 రెట్లవుతుంది. మోంగో భూమి అంత బరువుండి, చంద్రుడున్నంత దూరానికి వస్తే ఆ బలం చంద్రుడి బలానికి సుమారు 81 రెట్లు! 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో రోజూ సముద్రాన్ని చూసే విద్యార్థికి ఈ లెక్క ఎంత భయంకరమో వేరే చెప్పనక్కర్లేదు. పేజీ చివర నాలుగు వాక్యాలు రాస్తే ఆ కథే పాఠమవుతుంది.

అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. మోంగోను ఏలే మింగ్ చక్రవర్తి రూపంలో, ఆసియా వాసుల పట్ల ఆనాటి పాశ్చాత్యులకున్న భయం కనిపిస్తుంది. ఇలాంటి ఊహలకు అండమాన్ దీవులూ బలయ్యాయి. 1890లో కానన్ డాయిల్ రాసిన షెర్లాక్ హోమ్స్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ అక్కడి ఆదివాసులను నరమాంస భక్షకులుగా చూపింది. ఆ మాటకు మానవశాస్త్రంలో ఆధారం లేదు. జారవా, ఓంగే, సెంటినలీస్, గ్రేట్ అండమానీస్ జాతులు మనవంటి మనుషులే. వారి గురించి పుస్తకం ఏం చెబితే పిల్లలు దాన్నే నమ్ముతారు.

అందుకని పాత కథలను కత్తిరించమని కాదు. కత్తిరిస్తే ఆ కాలం ఎలా ఆలోచించిందో మనకు తెలియకుండా పోతుంది. తిరిగి అచ్చువేసేవారు మూడు పనులు చేయాలి: బొమ్మలన్నీ ఉంచాలి, కథ మొదట వెలువడిన తేదీ వేయాలి, అప్పటికీ ఇప్పటికీ మారిన విజ్ఞానాన్ని అర పేజీలో చెప్పాలి. ధర కాస్త పెరిగినా ఫరవాలేదు. తేదీ లేని ఊహను పసిమనసు నిజమనుకునే ప్రమాదముంది. తేదీ ఉంటే అదే ఊహ చరిత్ర అవుతుంది.