కిరణ్‌జిత్ కథ: విన్నవారెవరు?

పోయిన నెల మన సభ్యులొకరి ఇంట్లో భోజనాలయ్యాక "ప్రొవోక్డ్" సినిమా వేశారు. ఐశ్వర్యా రాయ్ ఉంది కదా అని పిల్లలు కూడా చేరారు. పది నిమిషాలు తిరక్కుండానే పెద్దవాళ్ళు వాళ్ళను మేడ మీదికి తరిమారు. సినిమా అయ్యాక కాఫీలు తాగుతూ ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న మమ్మల్ని ఇంటిదాకా వెంటాడింది. "పదేళ్ళు పడిందే, ఒక్కరితోనైనా చెప్పుకోవద్దుటండీ?" అన్నారాయన. అందరూ తలలూపారు. మేమూ ఊపామేమో, గుర్తు లేదు. ఇంటికి వచ్చి ఆ కేసు తీర్పును, ఆమె పేర 1997లో వచ్చిన "సర్కిల్ ఆఫ్ లైట్" పుస్తకాన్ని మళ్ళీ తీశాము. పెద్దాయన ప్రశ్నకు జవాబు వాటిలోనే ఉంది. ఆమె చెప్పింది. చాలాసార్లు చెప్పింది.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. కిరణ్‌జిత్ అహ్లూవాలియా పంజాబులో పుట్టి పెరిగిన, చదువుకొన్న స్త్రీ. 1979లో పెళ్ళి, తరువాత ఈ దేశంలో కాపురం, ఇద్దరు కొడుకులు. 1989 మే నెలలో ఒక రాత్రి భర్త కాలే ఇస్త్రీపెట్టెతో మొహం కాలుస్తానని బెదిరించాడు. అతను నిద్రపోయాక ఆమె పెట్రోలు పోసి నిప్పంటించింది. కాలిన గాయాలతో అతను ఆసుపత్రిలో మరణించాడు. ఆ డిసెంబరులో ఆమెకు హత్యానేరం కింద యావజ్జీవ శిక్ష పడింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే స్త్రీల సంఘం పూనుకొని ఉద్యమం నడిపింది. 1992 జులైలో అప్పీలు కోర్టు పాత తీర్పును కొట్టివేసింది. మానసిక వ్యాధి వల్ల బాధ్యత తగ్గిన నరహత్య అన్న ఆమె ఒప్పుకోలును సెప్టెంబరులో అంగీకరించి, అప్పటికే అనుభవించిన మూడేళ్ళ నాలుగు నెలల శిక్ష చాలునని విడిచిపెట్టారు. ఒక మనిషి ప్రాణం పోయిన కేసు ఇది. ఆ పని సరైనదని చెప్పడానికి మేము కలం పట్టలేదు.

ఆ తీర్పును లాయర్లు చదివేది వేరే కారణానికి. రెచ్చగొట్టబడినవాడు "హఠాత్తుగా" అదుపు తప్పి ఉండాలని 1949 నుంచి ఉన్న సూత్రం గురించి అందులో పెద్ద చర్చ ఉంది. 2009 నాటి చట్టం ఆ "హఠాత్తుగా" అన్న షరతును తీసేసింది. మేము లాయర్లము కాము. మా చూపు నిలిచినది ఆమె డాక్టరు రాసుకొన్న నోట్సు దగ్గర. 1981 అక్టోబరు: టెలిఫోనుతో తల మీద మూడు నాలుగు దెబ్బలు, కిందికి తోసివేత. 1983 సెప్టెంబరు: గర్భిణిగా ఉండగా నెట్టడం, చెయ్యి కమలడం. అదే ఏడు కోర్టుకు వెళ్ళి, కొట్టకూడదని భర్త మీద ఉత్తర్వు తెచ్చుకొంది. గొంతు పట్టుకొని కత్తి చూపించాక మరో ఉత్తర్వు. అంటే డాక్టరుకు తెలుసు, కోర్టుకు రెండుసార్లు తెలుసు. ఇంకెవరితో చెప్పుకోవాలి?

ఆ తీర్పులోనే ఆమె రాసిన ఒక ఉత్తరం ప్రసక్తి ఉంది. భర్త మూడు రోజులు ఇల్లు విడిచి వెళితే తిరిగి రమ్మని రాసినది. పాలు లేని కాఫీ తాగను, పచ్చిమిరపకాయలు తినను, పక్కింటికి వెళ్ళను, నీకిష్టం లేకపోతే నవ్వను, జుట్టుకు రంగు వేసుకోను... ఇలా సాగుతుంది. పచ్చిమిరపకాయ తినడానికి భర్త అనుమతి కావలసిన ఇల్లు ఎలాంటిదో మన ఆడవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. ఆ ఉత్తరంలో దెబ్బల మాట రాదు. అయినా మా మటుకు మాకు, దెబ్బల జాబితా కంటే ఆ ఉత్తరమే ఎక్కువ చెప్పింది. బెదిరించి అదుపులో పెట్టుకోవడం దానికదే నేరమని ఈ దేశపు చట్టం ఒప్పుకొన్నది 2015లో.

ఇంత ఉండి కూడా 1989 నాటి విచారణలో ఆమె సాక్ష్యం చెప్పలేదు. ఆమె తరఫున వైద్య సాక్ష్యమూ లేదు. తీవ్రమైన మానసిక కుంగుబాటు అని అప్పటికే ఒక డాక్టరు రాసిచ్చిన నివేదిక ఉన్నా దాన్నెవరూ ముందుకు తీసుకుపోలేదు. కథ ముక్కలు ముక్కలుగా అక్కడక్కడా పడి ఉంది, ఏరి ఒక చోట పెట్టినవాడు లేడు.

ఆ నోట్సు రాసిన డాక్టరును ఆడిపోసుకోవడం తేలిక. అలాంటి నోట్సు మేమూ రాశాము.

కొన్నేళ్ళ కిందటి మాట, వేరే ఊళ్ళో. గుర్తు పట్టే వీలు లేకుండా కొంత మార్చి చెబుతున్నాము. ఒక తెలుగు దంపతులు వచ్చారు. ఆమెకు తలనొప్పి, గుండెదడ, నిద్ర లేమి. భర్త ఇంగ్లీషులో వివరిస్తున్నారు. మా పేరు చూసి, "మీరు మనవాళ్ళేనా?" అంటూ తెలుగులోకి దిగారు. ఇక ఊళ్ళు, కాలేజీలు, చుట్టరికాలు! మాకూ పొంగు వచ్చింది. ఎన్నాళ్ళకో క్లినిక్కులో తెలుగు వినబడింది మరి. చివర్లో ఆయన ముందే ఆమెను అడిగాము, "ఇంట్లో అంతా బాగానే ఉంది కదమ్మా?" అని. "బాగానే ఉందండీ" అంది. నోట్సులో అదే రాశాము.

నాలుగు నెలలకు ఆమె ఒక్కతే వచ్చింది. మాట్లాడింది తన సంగతి కాదు, "మా స్నేహితురాలు ఒకావిడ" సంగతి. ఆవిడ భర్త "కాస్త కోపిష్టి" అట, "అప్పుడప్పుడు చేయి చేసుకుంటారు" అట. మాకు అర్థమైంది. అర్థం కాగానే మాలోని పరీక్షల విద్యార్థి నిద్ర లేచాడు. ఎప్పటి నుంచి? ఎన్నిసార్లు? ఆఖరుసారి ఏ తేదీ? దేనితో? పోలీసులకు చెప్పారా? ఆమె ఒక తేదీ చెప్పి, దిద్దుకొని మరొకటి చెప్పి, ఆగిపోయింది. "నాకు సరిగా తెలియదండీ, ఆవిడనే అడగాలి" అని లేచింది. మళ్ళీ రాలేదు. ఆ ఊరి నుంచి కూడా వెళ్ళిపోయారని తరువాత విన్నాము.

మా తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి కొంత చదవవలసి వచ్చింది, ఇంకా ఎక్కువ మంది దగ్గర కూర్చోవలసి వచ్చింది. తేదీల సంగతే చూడండి. ప్రాణభయంలో ఉన్న మనిషి జ్ఞాపకం డైరీలా వరుసలో ఉండదు. గోడ రంగు, పొయ్యి మీద మాడుతున్న పప్పు వాసన, తాళం చప్పుడు స్పష్టంగా ఉంటాయి. అది మంగళవారమా, సంక్రాంతికి ముందా వెనకా అన్నది ఉండదు. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధనలో కొసావో, బోస్నియా శరణార్థులను రెండుసార్లు అవే సంగతులు అడిగారు. రెండుసార్లకూ జవాబుల్లో తేడాలు వచ్చాయి, ముఖ్యంగా చిల్లర వివరాల్లో. తేడా కనిపిస్తే అబద్ధమని తేల్చే అధికారులు చదవవలసిన వ్యాసం అది. ఆనాడు మేము అడిగినవన్నీ అధికారి ప్రశ్నలే.

రెండవది, చెప్పుకుంటే భారం తగ్గుతుందని మనందరి నమ్మకం. అన్నివేళలా నిజం కాదు. ఘోరం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి అంతా వెళ్ళగక్కించే ఒక్కపూట వైద్యాన్ని మామూలుగా చేయవద్దని ఈ దేశపు వైద్య మార్గదర్శకాలు 2005 నుంచీ చెబుతున్నాయి. జూడిత్ హెర్మన్ అనే అమెరికన్ మానసిక వైద్యురాలు 1992లో (కిరణ్‌జిత్ విడుదలైన సంవత్సరమే) రాసిన పుస్తకంలో వరుస ఇలా ఉంటుంది: మొదట భద్రత, తరువాతే గుర్తు చేసుకోవడం, దుఃఖించడం, ఆ తరువాత నలుగురిలోకి రావడం. మనం మధ్యలో ఉన్నదాన్ని ముందుకు లాగుతాము. ఈ రాత్రి ఆమె ఎక్కడ పడుకుంటుందో అడగకుండా, పదేళ్ళ కిందటి రాత్రి ఏమైందో అడుగుతాము.

ఇప్పుడు మేము చేసేది పెద్ద విద్యేమీ కాదు. పరీక్ష చేయాలని చెప్పి భర్తను, అత్తగారిని, ఎవరున్నా సరే బయట కూర్చోమంటాము. భాష కావాలంటే కుటుంబంలోవాళ్ళను వాడము, మరీ ముఖ్యంగా పిల్లలను. ఏది ఎవరికీ చెప్పమో, ఏది చెప్పక తప్పదో (పిల్లలకు ప్రమాదముంటే తప్పదు) మాట మొదలుకాక ముందే చెబుతాము. ఎక్కడ మొదలుపెట్టాలో ఆమె ఇష్టం. ఆపమంటే ఆపుతాము. "స్నేహితురాలి" కథగా చెబితే స్నేహితురాలి కథగానే వింటాము, ముసుగు లాగము. లేచి వెళ్ళే ముందు మాటను ఇవాళ్టికి తెస్తాము: ఏ బస్సు, పిల్లలు బడి నుంచి ఎప్పుడు వస్తారు, ఇంటికి వెళ్ళడానికి భయంగా ఉందా. నోట్సులో ఆమె మాటలు ఆమె అన్నట్లే రాస్తాము. ఏదో ఒకనాడు అవి పనికిరావచ్చు. కిరణ్‌జిత్ విషయంలో ఆ రెండు మూడు వాక్యాలే పదేళ్ళ తరువాత అప్పీలు కోర్టులో పలికాయి కదా.

మన భాష సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. "చేయి చేసుకోవడం" అన్న మాట ఎంత మర్యాదగా ఉందో చూడండి! ఒక్క చెంపదెబ్బ నుంచి పక్కటెముక విరగడం దాకా అందులోనే ఇముడుతుంది. "మాట పట్టింపు", "ఇంటి గుట్టు", "సర్దుకుపోతున్నాను"... ఇవన్నీ తలుపు సందులో నుంచి తొంగిచూసే మాటలు. దుబాసీ వీటిని కోపిష్టి భర్తగా, చిన్న కలహంగా ఇంగ్లీషులోకి దించేస్తే కథ అక్కడే ముగుస్తుంది. "ఆయన చేయి చేసుకున్నప్పుడు ఏమవుతుందమ్మా?" అని ఆమె మాటతోనే అడగడం మేలు. ఇక "మనవాళ్ళు" అన్న మాట. ఊళ్ళో నలభై తెలుగు కుటుంబాలుంటే దుబాసీగా వచ్చే తెలుగావిడ భర్త, ఈవిడ భర్త ఒకే ఆఫీసులో ఉండవచ్చు. ఆనాడు మేము మనవాళ్ళమని మురిసిపోయిన క్షణంలోనే ఆమెకు మా గది మూసుకుపోయింది కాబోలు. అందుకే ఇప్పుడు వేరే ఊరి నుంచి ఫోనులో పలికే దుబాసీని అడుగుతాము, పేర్లు చెప్పుకోకుండా.

వీసా భయం మరొకటి. పౌరులనో, ఇక్కడ స్థిరపడినవారినో పెళ్ళాడి వచ్చి హింస వల్ల విడిపోయినవారు సొంతంగా శాశ్వత నివాసం కోరే దారి 2002 నుంచి నియమాల్లో ఉంది. ఉద్యోగ వీసా మీద వచ్చినవారి భార్యలకు ఆ దారి లేదు. మనలో ఎక్కువమంది వారే. 2024 నుంచి వారికీ తాత్కాలికంగా మూడు నెలల అనుమతి అడిగే వీలు వచ్చింది. అది అడిగితే పాత వీసా ఏమవుతుందో ముందుగా లాయరును కనుక్కోవాలి. భర్త చెప్పినది చట్టం కాదు.

మళ్ళీ సినిమాకు వద్దాం. జగ్ మూంద్రా 2006లో తీసిన ఈ చిత్రం చెడ్డదని అనలేము. పుస్తకం చదవని ఎన్నో ఇళ్ళలోకి ఆ కథ వెళ్ళింది, మన సభ్యుల ఇంటితో సహా. కానీ జైలు గదిలో స్నేహితురాలైన తెల్ల స్త్రీ, ఆమె సోదరుడైన పేరుమోసిన లాయరు కలిసి కథను నెత్తిన వేసుకొన్నారు. నిజానికి అప్పీలులో వాదించినది జెఫ్రీ రాబర్ట్‌సన్, వెనుక కాలికి బలపం కట్టుకొని తిరిగినది సౌతాల్ స్త్రీలు. నందితా దాస్ పాత్రలో వారి జాడ ఉంది గాని చిన్నది. అంతకంటే మాకు నచ్చనిది, కిరణ్‌జిత్ తెర మీద ఎప్పుడూ చూడబడుతూనే ఉంటుంది. మంట, దెబ్బ, కన్నీరు మనం చూస్తాము. ఆమె ఏది చెప్పాలనుకొంది, ఏది దాచుకోవాలనుకొంది అన్నది తెలియదు.

పుస్తకం రాహిలా గుప్తాతో కలిసి రాసినది. అందులో "నేను" అనేది కిరణ్‌జిత్. సాహిత్యంగా ఎత్తుపల్లాలున్నాయి, కొన్నిచోట్ల ఇంగ్లీషు మరీ నున్నగా ఉందనిపించింది. అయినా బాల్యం, తోబుట్టువులు, ఆశలు ముందు వచ్చి, ఆ రాత్రి తన చోట తాను వస్తుంది. మనిషి ముందు, గాయం తరువాత. రోగ చరిత్ర రాసే పద్ధతిలో మేము నేర్చుకొన్నది దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది.

ఈ చర్చ జరిగినప్పుడు ఒకరు, వచ్చే ఉగాది సభలో అలాంటి స్త్రీని ఎవరినైనా పిలిచి మాట్లాడిస్తే బాగుంటుందన్నారు. సదుద్దేశమే. మేము వద్దన్నాము. వేదిక దిగాక ఆమె పులిహోర వరుసలో మన మధ్యే నిలబడాలి. చెప్పదలచుకొన్నవారు రాసి పంపితే ఈ పత్రిక వేయవచ్చు, పేరు లేకుండా. స్టెన్సిలు కోసే ముందు ఆమెకు చూపించి, తీసేయమన్న వాక్యం తీసేసి, అసలు వద్దంటే కాగితం తిరిగి ఇచ్చేసి. సంపాదకులు ఒప్పుకొన్నారు.

"సర్కిల్ ఆఫ్ లైట్" ప్రతి ఒకటి మా ఇంట ఉంది. శనివారాలు మధ్యాహ్నం ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు. తీసుకొన్నవారి పేరు రాసుకోము.