అంకెకు, జబ్బుకు నడుమ

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి జబ్బులకు కోడ్‌లు వేసే మెడికల్ కోడర్ల నిగ్రహం మెచ్చదగ్గది. ల్యాబ్ రిపోర్టులో సోడియం 124. ఉండాల్సింది కనీసం 135. సెలైన్ కూడా ఎక్కించారు. అయినా కోడర్ చేయి ఆగుతుంది. డాక్టర్ ‘హైపోనేట్రీమియా’ (రక్తంలో సోడియం తగ్గడం) అని రాయనిదే ఈ-87.1 కోడ్ వేయకూడదు. అంకె చూసి జబ్బు పేరు పెట్టడం కోడర్ పని కాదు.

అప్పుడు డాక్టర్‌కు ప్రశ్న వెళుతుంది. పరీక్ష ఫలితాన్నీ, చేసిన చికిత్సనూ ముందుంచాలి, జవాబు మాత్రం నోటికి అందించకూడదు. అసలు నేర్పంతా ఆ ప్రశ్న రాయడంలోనే!

డాక్టర్ రాసే పేరును బట్టే కోడ్: పొటాషియం తగ్గితే ఈ-87.6, ఒంట్లో నీరు తగ్గితే ఈ-86.0. సోడియం పడిపోవడానికి మూలం ఎస్ఐఏడీహెచ్ (ఒంట్లో నీటిని నిలిపే హార్మోన్ అతిగా ఊరడం) అని డాక్టర్ తేలిస్తే కోడే మారి ఈ-22.2 అవుతుంది.

ఇలా అడిగి రాయిస్తే, రేపు ఆ రోగికి మూత్రం ఎక్కువ చేసే మాత్ర రాయబోయే వైద్యుడికి రికార్డులో జబ్బు పేరు స్పష్టంగా కనబడుతుంది.