తాళమా? గ్రాహకమా? – హార్మోన్ గ్రాహక జన్యువులు, తెలుగు వైజ్ఞానిక వచనం

హార్మోను తాళంచెవి, గ్రాహకం తాళం అనే ఉపమానం తెలుగు వైజ్ఞానిక వచనంలో తరచుగా కనిపిస్తుంది. 1894లో ఎమిల్ ఫిషర్ ఎంజైముల చర్యను వివరించడానికి వాడిన పోలిక ఇది. ఏ హార్మోను ఏ గ్రాహకంతో కలుస్తుందో చెప్పడానికి ఇది చాలు. కానీ గ్రాహక జన్యువులు గుండెపైనా, నాడీమండలంపైనా చూపే ప్రభావాన్ని వివరించేటప్పుడు ఇదే ఉపమానం అపార్థానికి దారితీస్తుంది. బీటా-1 అడ్రినలిన్ గ్రాహకం, దానిని రూపొందించే ఏడీఆర్‌బీ1 జన్యువు ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలించవచ్చు.

అధివృక్క గ్రంథి నుండి రక్తంలోకి వచ్చే అడ్రినలిన్, నాడుల కొసల నుండి వెలువడే నారడ్రినలిన్ రెండూ ఈ గ్రాహకాన్ని చేరతాయి. అప్పుడు గుండె వేగం, సంకోచ బలం పెరుగుతాయి. ‘గుండె దడదడలాడింది’ అనే వాడుక వెనుక ఉన్న శరీరధర్మం ఇదే. 477 అమైనో ఆమ్లాల గొలుసైన ఈ గ్రాహకంలో 389వ స్థానంలో కొందరికి ఆర్జినిన్, కొందరికి గ్లైసిన్ ఉంటుంది. కణాలపై చేసిన ప్రయోగాలలో ఆర్జినిన్ రూపం బలమైన సంకేతాన్ని పంపింది. తాళం తెరుచుకుంటుంది, లేదా తెరుచుకోదు. ఇక్కడి భేదం హెచ్చుతగ్గులది. అంతేకాక, గుండె వైఫల్యంలో అడ్రినలిన్ ప్రేరణ దీర్ఘకాలం కొనసాగితే కణాలపై ఈ గ్రాహకాల సంఖ్యే తగ్గుతుంది. ఈ మార్పుకు తాళం ఉపమానంలో చోటు లేదు.

ఈ జన్యువు గుండెకే పరిమితం కాదు. సహజంగా తక్కువ నిద్రతోనే సరిపెట్టుకోగల ఒక కుటుంబంలో ఇదే జన్యువులో ఉత్పరివర్తనాన్ని గుర్తించినట్లు 2019లో పరిశోధకులు ప్రకటించారు. మెదడు కాండంలోని నాడీకణాల ద్వారా అది మెలకువను ప్రభావితం చేస్తున్నట్లు ఎలుకలపై ప్రయోగాలు చూపాయి. జన్యువు ఒకటే అయినా, అది పనిచేసే కణజాలాన్ని బట్టి ఫలితం మారుతోంది. కనుక దీనిని ‘గుండె జన్యువు’ అనడం గాని, ‘నిద్ర జన్యువు’ అనడం గాని సమంజసం కాదు.

సామాన్య పాఠకునికి సులభమైన పోలిక అవసరమే కదా అనే వాదన ఉంది. అయితే ‘ఈ జన్యువు గుండెజబ్బును నిర్ణయిస్తుంది’ అనే వాక్యం తెలుగు పాఠకుని మనసులో ఇదివరకే ఉన్న ‘తలరాత’ భావనతో సులభంగా కలిసిపోతుంది. రాసిపెట్టి ఉన్నదానికి మందులెందుకు, నడకెందుకు అనే నిర్లిప్తత అక్కడి నుండే మొదలవుతుంది. వాస్తవానికి 389వ స్థానంలోని భేదం బీటా నిరోధక మందుల ఫలితాన్ని ఎంతవరకు మారుస్తుందనే విషయంలో అధ్యయనాలు ఏకాభిప్రాయానికి రాలేదు. కాబట్టి ఇక్కడ ‘నిర్ణయిస్తుంది’, ‘ప్రభావితం చేస్తుంది’ అనే క్రియలు పర్యాయపదాలు కావు.

ఉచితమైన మాట మన పరిభాషలోనే ఉంది. ‘గ్రహించు’ అంటే తీసుకోవడం, అర్థం చేసుకోవడం కూడా. ఒకే మాటను ఇద్దరు శ్రోతలు ఒకే విధంగా గ్రహించరు. ఒకే శ్రోత సైతం అన్ని వేళలా ఒకే విధంగా గ్రహించడు. హెచ్చుతగ్గులకు, సందర్భభేదానికి, కాలక్రమంలో వచ్చే మార్పుకు ‘గ్రాహకం’ చోటిస్తుంది. సాహిత్యంలో సహృదయుని పాత్రను చర్చించే తెలుగు అధ్యాపకులు వైజ్ఞానిక వచనంలోని క్రియలను, ఉపమానాలను కూడా అంతే నిశితంగా పరిశీలించవలసి ఉంది.