నీళ్ల గొట్టం చెప్పే గాలి లెక్క

తెనాలిలో ఏ హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లినా లెవెల్ పైపు మీటర్ల లెక్కన కోసి ఇస్తారు. వేలెడు లావు కూడా ఉండని తెల్లటి ప్లాస్టిక్ గొట్టం. తాపీమేస్త్రి దాన్నిండా నీళ్లు పట్టి, ఒక కొస తాను పట్టుకుని రెండో కొస కూలీ చేతికిచ్చి, పునాది నాలుగు మూలలా మట్టం తేలుస్తాడు. చుండూరు నుంచి రేపల్లె దాకా ఈ గొట్టం ఎరగని మేస్త్రి ఉండడు. అదే గొట్టాన్ని చెక్క మీద చెంపపిన్నులా వంచి బిగించి, సగానికి నీళ్లు పోసి, కనబడటానికి ఓ చుక్క ఉజాలా వేస్తే అది గాలి ఒత్తిడిని కొలిచే పరికరం అవుతుంది. ఇంటి దగ్గర విమానం కట్టుకునేవాళ్లకు నిద్ర లేకుండా చేసే రెండు తగాదాలను అది తీరుస్తుంది. ఇంజను ఎందుకు వేడెక్కుతోందన్నది ఒకటి, గాలివేగం మీటరు నిజం చెబుతోందా అన్నది రెండోది. ఈ రెండూ వేరువేరని అందరూ అనుకుంటారు. చాలాసార్లు అవి ఒకటే.

ఇంటి దగ్గర విమానమేమిటని నవ్వనక్కర్లేదు. 1953లో అమెరికాలోని మిల్వాకీలో పాల్ పోబెరెజ్నీ, ఆయన స్నేహితులు కలిసి ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పెట్టారు. పనిలో సగానికి మించి సొంతంగా చేసుకున్నవారికి ప్రయోగాత్మక తరగతి కింద ఎగరడానికి అక్కడి చట్టం అనుమతిస్తుంది. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ రూపొందించిన ఆర్వీ విమానాలు అలా వేల సంఖ్యలో ఎగిరాయి. బర్ట్ రూటాన్ 1975లో వేరీఈజీని, 1979లో లాంగ్ ఈజీని ఎగరేసి, నురగ పలకల మీద ఫైబర్ గ్లాస్ అంటించి గ్యారేజీలో విమానం కట్టుకోవచ్చని చూపించాడు. ఆ రూటాన్ పెట్టిన కంపెనీయే తర్వాత స్పేస్‌షిప్‌వన్ చేసింది. దాని వెనక వచ్చిన స్పేస్‌షిప్‌టూ ఎక్కి 2021 జూలై 11న మన ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన బండ్ల శిరీష అంతరిక్షపు అంచు దాకా వెళ్లి వచ్చారు. గ్యారేజీ విమానాల కథ మనకు మరీ పరాయిదేం కాదు. మన దేశంలో మాత్రం దారి ఇరుకు. ముంబైలో కెప్టెన్ అమోల్ యాదవ్ మేడమీద కట్టిన విమానానికి రిజిస్ట్రేషన్ రావడానికి 2017 దాకా పట్టింది.

ఈ కట్టేవాళ్లలో ఓ మొండి తెగ ఉంది. వాళ్లు ఖరీదైన విమాన ఇంజను కొనకుండా, మాజ్దా కారులోని రోటరీ ఇంజనును తెచ్చి విమానానికి బిగిస్తారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల్లో సిలిండర్లన్నీ గిరగిర తిరిగే ఇంజన్లు ఉండేవి, ఇది ఆ రకం కాదు. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన నుంచి పుట్టి, 1957లో ఎన్‌ఎస్‌యూ కంపెనీలో మొదటిసారి తిరిగిన ఇంజను ఇది. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. మూడు మూలల రోటరు ఒకటి గుడ్డు ఆకారపు గదిలో తిరుగుతుంది. రోటరు ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. ఎక్కువమంది వాడే 13బి ఇంజనులో ఒక్కొక్కటి 654 సీసీ ఉన్న గదులు రెండు. విరిగే భాగాలు తక్కువ, వణుకు తక్కువ, మనిషి ప్రాణం మీదికి తెచ్చే తీరులో హఠాత్తుగా ముక్కలయ్యే గుణం తక్కువ. మన డీఆర్‌డీఓ నిషాంత్ అనే మానవరహిత విమానాన్ని 2009 ఏప్రిల్‌లో కోలార్ దగ్గర ఎగరేసింది కూడా స్వదేశీ వాంకెల్ ఇంజనుతోనే.

దీని దోషమల్లా వేడి. గదిలో ఒకే పక్కన ఎప్పుడూ మంట, రెండో పక్కన ఎప్పుడూ చల్లటి గాలి. రోటరు లోపలి భాగాన్ని చల్లబరిచేది నీళ్లు కాదు, ఆయిల్. చల్లార్చాల్సిన వేడిలో ఇంచుమించు మూడోవంతు ఆయిల్ మీదే పడుతుంది. అందువల్ల నీళ్ల రేడియేటరుతో పాటు పెద్ద ఆయిల్ కూలరు కూడా పెట్టక తప్పదు. రోటరు గది అల్యూమినియంది, దాని పక్క పలకలు పోత ఇనుపవి. బాగా కాగితే అల్యూమినియం ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది, మధ్యలో నీళ్లను ఆపే రబ్బరు సీళ్లు నలిగిపోతాయి. ఒక్కసారి గట్టిగా కాగిన రోటరీని మళ్లీ నమ్మడానికి లేదు, విప్పాల్సిందే.

మన డెల్టా పొలాల్లో ఆయిల్ ఇంజన్లకు ఈ బాధ తెలియదు. పంపు తోడే నీళ్లలోంచే ఓ సన్న పాయ ఇంజను చుట్టూ తిరిగి వేడిని మోసుకుని బోదెలో పడుతుంది. మెకానిక్ ఆ ధార కింద చెయ్యి పెట్టి చూసి, చుర్రుమంటే వాల్వు ఇంకాస్త తిప్పుతాడు. విమానానికి కాలవ ఏది? వేడినంతా గాలిలోకే వదలాలి. గాలేమో బద్ధకస్తురాలు, సులువైన దారి దొరికితే రేడియేటరు జోలికే పోదు. ఇంజను మీది తొడుగైన కౌలింగ్‌కూ రేడియేటరుకూ మధ్య బొటనవేలు పట్టే సందు ఉన్నా చాలు, అక్కడినుంచే జారుకుంటుంది.

కొత్తగా కట్టినవాడు ఇక్కడే పొరపాటు చేస్తాడు. ఇంజను కాగుతోంది కాబట్టి గాలి లోపలికి వచ్చే నోరు పెద్దది చేస్తాడు, అయినా కాగుతుంది. ఇంకా పెద్ద రేడియేటరు తెచ్చి బిగిస్తాడు. విమానం బరువు పెరిగి, గాలి ఈడ్పు పెరిగి, వేగం పడిపోతుంది గానీ వేడి తగ్గదు. అనుభవజ్ఞుడు మొదట నోటిని చూడడు, వెనక దారి చూస్తాడు. రేడియేటరు దాటిన గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, దానికి బయటికి పోయే దారి లోపలికి వచ్చిన దారికంటే పెద్దదిగా ఉండాలి. వెనక నుంచి పీల్చే ఒత్తిడి లేకపోతే ముందు ఎంత నెట్టినా గాలి కదలదు. లోపలికి వచ్చే గొట్టం సన్నగా మొదలై మెల్లగా విచ్చుకోవాలి. అలా విచ్చుకున్నచోట గాలి నెమ్మదించి, దాని వేగం ఒత్తిడిగా మారుతుంది. ఒక్కసారిగా విచ్చుకుంటే సుడులు తిరిగి ఆ ఒత్తిడి వృథా అవుతుంది. 1930వ దశకంలో బ్రిటిష్ ఇంజనీరు మెరెడిత్ ఇంకో అడుగు వేసి, రేడియేటరు వేడికి వ్యాకోచించిన గాలిని సరిగా బయటికి చిమ్మితే అది విమానాన్ని కాస్త ముందుకు తోస్తుందని కూడా లెక్కగట్టాడు. గ్యారేజీ విమానంలో అంత ఆశ నాకు లేదు. కాగకుండా ఉంటే అదే పదివేలు.

నీళ్ల గొట్టం పని ఇక్కడ మొదలవుతుంది. చివర మూసేసి, పక్కల పొడుగునా సూదిబెజ్జాలు పొడిచిన సన్న రాగి గొట్టాలు రెండు తీసుకుంటారు. ఒకటి రేడియేటరు ముందు, ఒకటి వెనక అడ్డంగా కట్టి, ప్లాస్టిక్ పైపులతో కాక్‌పిట్‌లోకి తెస్తారు. రెంటికీ మధ్య తేడాయే గాలిని రేడియేటరు గుండా తోసే బలం. విమానం ఊగిసలాటలో నీళ్లు నిలకడగా ఉండవు కాబట్టి చాలామంది నీళ్లకు బదులు ఓ పాత గాలివేగం మీటరునే ఈ పనికి వాడతారు. ఆ మీటరు నిజానికి కొలిచేది వేగాన్ని కాదు, రెండు ఒత్తిళ్ల తేడానే. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో గాలి పూర్తిగా ఆగితే వచ్చే ఒత్తిడి దాదాపు 193 మిల్లీమీటర్ల నీటి మట్టం. రేడియేటరు ముందు అందులో సగం కూడా లేదంటే లోపం నోటి దగ్గరో, సందుల్లోనో ఉంది. ముందు బాగానే ఉండి వెనక కూడా అంతే ఉందంటే బయటి దారి ఇరుకు. రేడియేటరు మార్చే ఖర్చుకు ముందు ఈ రెండు అంకెలు చాలు.

వేడి చూపే మీటరును కూడా ఊరికే నమ్మకూడదు. ల్యాండింగ్ లైటు వేయగానే ముల్లు పైకి లేస్తే ఇంజను కాగినట్టు కాదు, ఎర్త్ వైరు సరిగా లేనట్టు. సెన్సారును విప్పి మరుగుతున్న నీళ్లలో ముంచి చూడాలి. చుండూరు సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తే కాబట్టి మనకు సవరణల బెడద లేదు, మరిగే నీళ్లంటే 100 డిగ్రీలే. అసలు ప్రమాదం ఇంకోటి. నీళ్లు లీకై పోతే సెన్సారు చుట్టూ మిగిలేది ఆవిరి, గాలి. అప్పుడు ఇంజను మాడిపోతున్నా ముల్లు ప్రశాంతంగా కిందికి దిగుతుంది. అందుకే తెలిసినవాళ్లు నీళ్ల వేడి మీటరు పక్కనే నీళ్ల ఒత్తిడి మీటరు కూడా పెడతారు. అది పడిపోయిందంటే మారు మాట్లాడకుండా దిగే చోటు చూసుకోవాలి.

ఇక గాలివేగం. 1732లో హెన్రీ పీటో పారిస్‌లో సేన్ నది ప్రవాహాన్ని కొలవడానికి వంచిన గాజుగొట్టాన్ని నీళ్లలో ముంచాడు. ప్రవాహానికి ఎదురుగా ఉన్న మూతిలోంచి నీళ్లు పైకెక్కిన ఎత్తును బట్టి వేగం తెలిసింది. విమానం రెక్క కింద ముందుకు పొడుచుకొచ్చి ఉండే పీటో గొట్టం ఆ పనే గాలిలో చేస్తుంది. పక్కన ఎక్కడో నిశ్చల ఒత్తిడిని పట్టే చిన్న బెజ్జం ఉంటుంది, దాన్ని స్టాటిక్ అంటారు. మీటరు చూపేది ఆ రెంటి తేడా.

దీన్ని పరీక్షించడానికి ఒక టీ జాయింటు, ఓ ఇంజక్షన్ సిరంజి, మన నీళ్ల గొట్టం చాలు. జాయింటు ఒక కాలు పీటోకు, ఒకటి నీళ్ల గొట్టానికి, ఒకటి సిరంజికి. నోటితో ఊదితే మీటరు లోపలి పల్చటి డబ్బా పాడవుతుంది, సిరంజిని మెల్లగా నొక్కాలి. రెండు కాళ్లలో నీటి మట్టాల తేడా 41 మిల్లీమీటర్లు అయినప్పుడు ముల్లు 50 నాట్ల దగ్గర ఉండాలి. 165 అయినప్పుడు 100 నాట్లు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు కాబట్టి అంకెలు అలా ఎగురుతాయి. తర్వాత సిరంజి కదలకుండా పట్టుకుని ఓ నిమిషం ఆగాలి. ముల్లు దిగిపోతుంటే ఎక్కడో లీకు ఉంది. అప్పుడు జాయింట్లు ఒక్కొక్కటే నొక్కి పట్టుకుంటూ వెనక్కి వెతుక్కోవాలి.

పీటో మూతి, లోపలి నీరు కారిపోయే దాని తేమ బెజ్జం రెండూ మూసుకుపోతే మీటరు ఎత్తు మీటరులా ప్రవర్తిస్తుంది. పైకి పోయేకొద్దీ వేగం పెరిగినట్టు చూపుతుంది, పైలట్ ముక్కు ఇంకా ఎత్తుతాడు, విమానం గాలిలో నిలబడలేక పడుతుంది. మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు పీటో లాంటి బెజ్జం అంటే మహా ఇష్టం. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో బిర్గెనేర్ బోయింగ్ 757 కూలి 189 మంది పోయారు. తొడుగులు లేకుండా రోజుల తరబడి నిలిపిన విమానంలో పీటో గొట్టాన్ని అలాంటి పురుగే మూసేసి ఉంటుందని దర్యాప్తులో భావించారు. అదే ఏడాది అక్టోబరు 2న పెరూలో ఇంకో 757 కూలి 70 మంది చనిపోయారు. విమానం కడిగేటప్పుడు స్టాటిక్ బెజ్జాలకు అంటించిన టేపును ఎవరూ తీయలేదు.

ఇప్పుడు మొదటి మాటకు వద్దాం. స్టాటిక్ గొట్టం కాక్‌పిట్‌లో ఎక్కడో ఊడి ఉందనుకోండి. ఎగిరే విమానంలో లోపలి ఒత్తిడి మామూలుగా బయటికంటే కాస్త తక్కువ ఉంటుంది. దాంతో మీటరు ఉన్నదానికంటే ఎక్కువ వేగం చూపుతుంది. పైలట్ గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పైకి ఎక్కుతున్నానని అనుకుంటాడు, నిజానికి వెళ్తున్నది 140. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పోతుంది కాబట్టి రేడియేటరును తాకే గాలి బలం నాలుగోవంతు దాకా తగ్గిపోయింది. ఇంజనేమో పూర్తి బలంతో తిరుగుతోంది. నీళ్ల వేడి మీటరు ఎర్రగీత దాటుతుంది. అతను కిందికి దిగి రేడియేటరును తిడతాడు, కొత్తది ఆర్డరు పెడతాడు. ఊడిన పావలా గొట్టం మాత్రం ప్యానెల్ వెనక అలాగే వేలాడుతుంటుంది. పైకి ఎక్కేటప్పుడు మాత్రమే కాగే ఇంజను కనబడితే నేను మొదట చూడమనేది వేగం మీటరునే. ఈ పద్ధతి పుస్తకాల్లో ఇంత తేటగా దొరకదు. కూలింగ్ అధ్యాయం ఒకచోట, పరికరాల అధ్యాయం ఇంకోచోట ఉండటం వల్ల వచ్చిన చిక్కు అది.

గాలిలో వేగం మీటరును జీపీఎస్‌తో సరిచూసుకునేటప్పుడు కూడా ఒక్క దిక్కున వెళ్లి చూస్తే గాలివాటు మోసం చేస్తుంది. ఒకే ఎత్తులో, ఒకే బలంతో, నాలుగు దిక్కులకూ ఎగిరి సగటు తీస్తే గాలివాటు చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ పైన ఎత్తుకు, వేడికి సవరణ చేయాలి.

మన వాతావరణంలో ఈ లెక్కలు ఇంకా కఠినం. అమెరికాలోని ఒరెగాన్‌లో 15 డిగ్రీల ఉదయం 90 డిగ్రీల నీళ్లకు, గాలికి మధ్య తేడా 75. మే నెలలో రెంటచింతలలో గాలే 45 డిగ్రీలుంటే తేడా 45 మాత్రమే. అదే రేడియేటరు అక్కడ వదిలే వేడిలో అరవై శాతమే ఇక్కడ వదలగలదు. పైగా వేడి గాలి పల్చన. అమెరికా నుంచి డ్రాయింగులు తెప్పించుకున్నవాడు రేడియేటరు కొలత మాత్రం తన ఊరి మే నెల చూసి వేసుకోవాలి.

మన దగ్గర ఎగరడానికి అనుమతులు దొరికేదాకా ఆగాల్సిన పని కూడా లేదు, ఈ విద్యలో సగం నేల మీదే ఉంది. బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు ఎవరైనా కారు రేడియేటరు ముందూ వెనకా బెజ్జాల గొట్టాలు కట్టి, ఫ్యాన్ చుట్టూ ఉన్న సందుల్ని టేపుతో మూసి, మూయక ముందూ తర్వాతా తేడా రాసుకోవచ్చు. రోజుకు ఒక్క మార్పు మాత్రమే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో దేవుడికే ఎరుక. వేగం పరీక్షకు మోటారు సైకిలు హ్యాండిల్ కంటే రెండడుగులు ముందుకు ఓ కర్ర కట్టి, దానికి బాల్‌పెన్ రీఫిల్ గొట్టాన్ని ఎదురుగాలికి తిప్పి బిగిస్తే పీటో తయారు. వెనక కూర్చున్నవాడు నీళ్ల చెక్క నిటారుగా పట్టుకుంటాడు, రెండో కొసను గాలి తగలకుండా దాచుకుంటాడు. గాలి లేని తెల్లవారుజామున, ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్లలో తేడా 17 మిల్లీమీటర్ల దగ్గర తేలాలి. అదే పరీక్ష మే మధ్యాహ్నం చేస్తే ఒక మిల్లీమీటరు పైచిలుకు తగ్గుతుంది.